తాత్కాలికం అనే మాట వయసు: అమెరికాలో అణు ఇంధన పొడి నిల్వ చరిత్ర

వాడేసిన అణు ఇంధనాన్ని నీటి కొలనులోంచి తీసి ఉక్కు, కాంక్రీటు పాత్రలలో పొడిగా భద్రపరిచే పద్ధతి అమెరికాలో దూరదృష్టి నుంచి పుట్టినది కాదు. కొలనులలో చోటు చాలక పుట్టింది. తొలితరం రియాక్టర్లను కట్టినవారు ఇంధనం కొద్దికాలం మాత్రమే కొలనులో చల్లబడి, ఆపై పునఃశుద్ధి కర్మాగారానికి తరలిపోతుందని తలచారు. కొలనులను ఆ లెక్కకే చిన్నవిగా కట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ వ్యాలీ కర్మాగారం 1966లో మొదలై 1972లోనే నిలిచిపోయింది. 1977 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వాణిజ్య పునఃశుద్ధిని నిరవధికంగా ఆపివేశారు. 1974లో భారతదేశం జరిపిన పోఖ్రాన్ పరీక్ష రేపిన అణ్వస్త్ర వ్యాప్తి భయం ఆ నిర్ణయానికి ఒక కారణం. విశేషమేమంటే భారతదేశం పునఃశుద్ధిని విడిచిపెట్టలేదు, విడిచినది అమెరికా. 1981లో రీగన్ ఆ నిషేధాన్ని ఎత్తివేసినా పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఈ స్థితిలో అణు నియంత్రణ సంఘం 1980లో నిల్వ కేంద్రాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. 1982 నాటి అణు వ్యర్థాల విధాన చట్టం, 1998 జనవరి 31 నుంచి ఇంధనాన్ని తానే స్వీకరిస్తానని ప్రభుత్వం చేత మాట ఇప్పించింది. అందుకు బదులుగా విద్యుత్ సంస్థలు యూనిట్‌కు సెంటులో పదో వంతు 2014 దాకా చెల్లించవలసి ఉండేది. డబ్బు వసూలయింది, గడువు మాత్రం దాటిపోయింది. 1987లో చట్టాన్ని సవరించి నెవాడాలోని యక్కా పర్వతం ఒక్కదానినే పరిశీలనకు మిగిల్చారు. 2010లో ప్రభుత్వమే ఆ దరఖాస్తును ఉపసంహరించుకోవడానికి పూనుకుంది.

పొడి నిల్వకు తొలి లైసెన్సు 1986లో వర్జీనియాలోని సర్రీ కేంద్రానికి లభించింది. అక్కడ వాడినవి జర్మనీలో రూపొందిన కాస్టర్ పాత్రలు. మందపాటి పోత ఇనుముతో చేసి మూతలను బోల్టులతో బిగించిన ఒక్కొక్క పాత్రలో 21 ఇంధన కట్టలు పట్టేవి. లైసెన్సు గడువు ఇరవై ఏళ్లు. అప్పటికి అది ఉదారమైన గడువుగానే తోచి ఉండాలి. తరువాత దానిని 2046 దాకా పొడిగించారు.

అమెరికన్ సంస్థలు క్రమంగా మరో దారి పట్టాయి. పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు క్యానిస్టర్‌లో ఇంధనాన్ని నీటి అడుగునే నింపి, మూతను వెల్డింగ్ చేసి, నీటిని తోడివేసి, లోపలి తేమను ఆరబెట్టి హీలియం నింపుతారు. దానిని కాంక్రీటు కవచంలో నిలుపుతారు. కవచం అడుగున ఉన్న రంధ్రాల గుండా గాలి లోనికి చేరి, వేడెక్కి, పై రంధ్రాల గుండా వెలుపలికి పోతుంది. మోటారు లేదు, విద్యుత్తు లేదు. కడ్డీల తొడుగు ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూడటమే రూపకల్పనలోని ముఖ్య షరతు. ఈ సరళతే ఈ పద్ధతి బలం. అయితే వెల్డింగ్ చేసిన పాత్రను మళ్లీ తెరవడం బోల్టులు విప్పినంత తేలిక కాదు. ఖర్చు తగ్గించిన ఎంపిక పరిశీలనను కష్టతరం చేసింది. 1990లో వచ్చిన సాధారణ లైసెన్సు విధానం ఈ పాత్రల వ్యాప్తిని వేగవంతం చేసింది. ఆమోదం పొందిన నమూనాను ఏ రియాక్టర్ యజమాని అయినా ఆ స్థలానికి వేరే అనుమతి లేకుండానే వాడుకోవచ్చు.

నియమాల లోపాలను ప్రమాదాలే చూపించాయి. 1996 మే 28న విస్కాన్సిన్‌లోని పాయింట్ బీచ్ కేంద్రంలో, ఇంధనం నింపిన పాత్ర మూతకు వెల్డింగ్ మొదలుపెట్టగానే లోపల చేరిన హైడ్రోజన్ అంటుకుంది. సుమారు మూడు టన్నుల మూత పైకి లేచి ఒక పక్కకు ఒరిగింది. రేడియోధార్మికత వెలువడలేదు. కారణం అతి సాధారణమైనది. తుప్పు పట్టకుండా పూసిన రంగులోని జింకు, కొలను నీటిలోని బోరిక్ ఆమ్లంతో చర్య జరిపింది. ఆ రంగునూ ఆ నీటినీ విడివిడిగా అందరూ ఎరుగుదురు. రెండూ కలిసే ఘడియను గురించి ఆలోచించినవారు లేరు. ఆ జూలైలోనే నియంత్రణ సంఘం, పాత్రల పదార్థాల నడుమ జరిగే రసాయన చర్యలను సమీక్షించుకోవాలని లైసెన్సుదారులను ఆదేశించింది.

2011 మార్చిలో ఫుకుషిమా దాయిచి కేంద్రాన్ని సునామీ ముంచినప్పుడు, అక్కడి తొమ్మిది పొడి పాత్రలలో 408 ఇంధన కట్టలు ఉన్నాయి. ఆ పాత్రలున్న భవనంలోకి నీరు చేరింది, ఇంధనం మాత్రం క్షేమంగా ఉంది. అమెరికాలో పొడి నిల్వను సమర్థించేవారు ఈ ఉదాహరణను తరచుగా చెబుతారు. అయితే అవి బోల్టుల మూతలు గల మందపాటి లోహ పాత్రలు. అమెరికన్ తీరాలలో ఉన్న పలుచని క్యానిస్టర్ల సమస్య వేరు. సముద్రపు గాలిలోని ఉప్పు వెల్డింగ్ అతుకుల వద్ద పగుళ్లు పుట్టించగలదు. ఇరుకైన గాలి సందులలోకి పంపే తనిఖీ రోబోలను ఈ భయమే రూపొందింపజేసింది.

పాత్రను నిర్వహించడంలోనూ మానవ దోషం ఉండగలదని 2018 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని సాన్ ఒనోఫ్రెలో తేలింది. దాదాపు యాభై టన్నుల క్యానిస్టర్‌ను గుంటలోకి దించుతుండగా అది లోపలి వలయం అంచున చిక్కుకుంది. మోకులు వదులై, ఇంచుమించు గంటసేపు, 18 అడుగుల ఎత్తున అది ఆ అంచుమీదే ఆగి ఉంది. అడుగుకు చేరిందని కార్మికులు భావించారు. పడలేదు. నిర్వాహక సంస్థకు నియంత్రణ సంఘం 1,16,000 డాలర్ల జరిమానా విధించింది.

వీటన్నిటికంటే తీవ్రమైన ప్రశ్న కాలానిది. భూగర్భ నిక్షేపం 2007-2009 నాటికి సిద్ధమవుతుందని సంఘం 1984లో విశ్వాసం ప్రకటించింది. 1990లో దానిని 21వ శతాబ్ది మొదటి పాతికేళ్లకు జరిపింది. 2010లో సంవత్సరమే మాయమై, 'అవసరమైనప్పుడు' అన్న మాట మిగిలింది. 2012లో అప్పీళ్ల న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నిక్షేపం ఎన్నటికీ రాకపోతే ఏమవుతుందో సంఘం పరిశీలించలేదన్నది అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. 2014 నిబంధన ఆ వెలితిని పూరించడానికి మూడు కాలావధులను ఊహించింది: రియాక్టర్ లైసెన్సు ముగిశాక అరవై ఏళ్లు, మరి నూరేళ్లు, ఆపై నిరవధికం. నూరేళ్లకొకసారి పాత్రలను మార్చే సంస్థలు అప్పటికీ ఉంటాయన్న భావనపై ఆ లెక్క నిలిచింది. ఇంజనీరింగ్ అంచనాగా అది సాధ్యమే కావచ్చు. చరిత్రకారునికి మాత్రం నూరేళ్లు నిలిచిన సంస్థలు ఎంత తక్కువో తెలుసు.

మెయిన్ రాష్ట్రంలోని విస్కాసెట్‌లో మెయిన్ యాంకీ రియాక్టర్‌ను 2005 నాటికి పూర్తిగా కూల్చివేశారు. అక్కడ ఇప్పుడు 64 క్యానిస్టర్లు, వాటి కాపలాదారులు మిగిలారు. వాటిలో 60 వాడేసిన ఇంధనానివి. కొలను కూడా రియాక్టర్‌తోపాటే పోయింది. ఏదైనా ఒక క్యానిస్టర్‌ను తెరిచి ఇంధనాన్ని మరొకదానిలోకి మార్చవలసి వస్తే, ఆ పని చేయగల నీరు ఆ స్థలంలో లేదు.