మాగాణి మినుము ఇచ్చిన బలం

ఖర్జూరం, బాదం, నువ్వులు కలిపి నూరి, అందులో చెంచాడు గ్రీన్ టీ పొడి వేసి ఉండలు చుట్టుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లకు అలవాటైంది. చిరుతిండి బలం కూడా ఇవ్వాలన్న కోరిక మెచ్చుకోదగ్గదే. అయితే అది ఈనాటిది కాదు. కృష్ణా డెల్టాలోని పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో సున్నుండ తరతరాలుగా చేసిన పని అదే. ఆ బలాన్ని ఏ ఒక్క దినుసుకో కట్టబెట్టడం పొరపాటు. మాగాణిలో పంటల వరస, గింజను పొట్టుతో సహా వాడుకునే తీరు, ఎవరికి ఎప్పుడు ఎంత పెట్టాలన్న లెక్క, ఈ మూడూ కలిస్తేనే సున్నుండ బలమైన తిండి అయింది.

దీనికి మొదటి సాక్ష్యం పొలంలోనే ఉంది. 1833 నాటి గుంటూరు కరువు మిగిల్చిన గాయం తర్వాత కృష్ణకు అడ్డుకట్ట కావాలన్న వాదన బలపడి, 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట వరి విస్తరించింది, వరి వెనకే మినుముకూ చోటు దొరికింది. సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా నిలిచి ఉండగానే, తడి ఆరని చేలో మినుములు చల్లుతారు. మళ్లీ దుక్కి ఉండదు, నీరు పెట్టే పనీ ఉండదు. నేలలో మిగిలిన పదును, రాత్రి కురిసే మంచు ఆ పైరుకు చాలు. వరిగడ్డి, మినుప పొట్టు మేసిన గేదెలు ఇంటికి నెయ్యి ఇచ్చాయి. ఉయ్యూరు వైపు చెరకు తోటలు బెల్లం ఇచ్చాయి. పొట్టు తియ్యని మినుములను సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, గుప్పెడు బియ్యం చేర్చి, తిరగలిలో కొంచెం బరకగా విసిరి, బెల్లంతో కలిపి రోట్లో దంచి, కాచిన నెయ్యి పోసి ఉండ కడతారు. మినుములో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. పొట్టులో పీచు ఉంటుంది. ఎదిగే పిల్లలకు, బాలింతలకు, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు దాన్ని పెట్టడంలో అర్థం అదే.

ఇదంతా పాతకాలపు మోజు అనీ, నెయ్యి సున్నుండ అందరి ఇళ్లలోనూ ఉండేది కాదనీ అనవచ్చు. రెండో మాట నిజం. పాడీ పొలమూ లేని కూలీ కుటుంబాలకు అది పండగనాటి భాగ్యమే. కానీ నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలికి నెయ్యి అక్కర్లేదు. పెద్దమనిషైన ఆడపిల్లకు దాన్ని పెట్టే ఆచారం బలాన్ని ఆస్తితో ముడిపెట్టలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజనంలో వేరుశనగ చిక్కీ చేర్చినప్పుడు పనిచేసింది కూడా ఈ ఆలోచనే.

గ్రీన్ టీ లాంటి పరాయి దినుసు మన ఉండలో ఎందుకని మరికొందరు అడుగుతారు. ఈ వాదన నిలవదు. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డును బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలే తెచ్చాయని చెబుతారు. తేయాకు పొడికీ గౌరవనీయమైన చరిత్ర ఉంది. 1191లో చైనా నుంచి జపాన్ తిరిగి వచ్చిన ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు తేయాకును ఔషధంగా ప్రచారం చేశాడు. ఆ చేదు తేనీటితో జపాన్‌వాళ్లు తినే తీపిలో ప్రధానమైన అజుకి గింజ మన మినుముకు దగ్గరి చుట్టమే. కాబట్టి ఆ పొడి సున్నుండలో కలిస్తే రుచికి లోటేమీ లేదు.

అభ్యంతరం వేరే చోట ఉంది. తేయాకులోని పదార్థాలు గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటాయి. కెఫీన్ కూడా ఉంటుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లకో, బాలింతకో బలం కోసం పెట్టే ఉండలో దాన్ని కలపడం ఆ ఉండ ఉద్దేశానికే ఎదురు. అలాగని బెల్లం పేరు చెప్పి రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లు నాలుగేసి సున్నుండలు తినడమూ ఆరోగ్యం కాదు. శక్తి లెక్కలో బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు. నాట్లు వేసి, కుప్ప నూర్చిన ఒళ్లు ఖర్చు చేసిన శక్తి వేరు. డెల్టా వంటింటి నుంచి మనం నేర్చుకోవలసింది తినేవాళ్ల వయసునూ, పనినీ, అవసరాన్నీ చూసి దినుసునూ కొలతనూ నిర్ణయించే వివేకం. అది ఉంటే గ్రీన్ టీ పొడికీ మన పళ్లెంలో చోటుంటుంది. అది లేకపోతే సున్నుండ కూడా మరో మిఠాయే.