కోఠి మెట్లెక్కినవాళ్ళు

హైదరాబాద్‌లో సిటీ బస్సెక్కి "ఒక కోఠి" అని టికెట్ అడిగేటప్పుడు ఆ మాటకి అర్థమేంటని ఎవరూ ఆలోచించరు. కోఠీ అంటే ఉర్దూలో పెద్ద బంగళా. ఊళ్ళో బంగళాలు చాలానే ఉండేవి. అయినా ఒట్టి 'కోఠి' అంటే చాలు, ఏ బంగళానో అందరికీ తెలిసిపోయేది. అది బ్రిటిష్ రెసిడెంటు ఉండే ఇల్లు. మన తరానికి అది కోఠి విమెన్స్ కాలేజీ.

ఆ భవనం గురించి ఎక్కడ చదివినా మొదట కనిపించేది దాని శైలి పేరే. పలాడియన్ శైలి, కొరింథియన్ స్తంభాలు, అమెరికాలోని వైట్ హౌస్‌తో పోలిక. ఇవన్నీ నిజాలే. కానీ ఒక భవనానికీ అధికారానికీ ఉన్న సంబంధం శైలి పేరుతో తేలదని నా అనుమానం. దానికి మూడు మామూలు ప్రశ్నలు వెయ్యాలి. డబ్బు ఎవరు పెట్టారు? ముందు గుమ్మంలోంచి ఎవరు లోపలికెళ్ళారు? బయట ఎవరు ఆగిపోయారు? కోఠి రెసిడెన్సీ విషయంలో ఈ మూడింటికీ జవాబులు రెండు వందల ఏళ్ళుగా మారుతూ వచ్చాయి. అందుకే నాకు దాని మీద ఇంత ఆసక్తి.

ముందు డబ్బు సంగతి. 1798లో రెండో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ పెట్టిన ఆ ఏర్పాటులోకి మొదట వెళ్ళింది హైదరాబాదే. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని అదే ఏడాది నిరాయుధం చేశారు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో దిగింది, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కింద 1800లో కడప, బళ్ళారి ప్రాంతాలు కంపెనీకి వెళ్ళిపోయాయి. మనం స్కూల్లో దత్తమండలాలని చదువుకున్నవి అవే. ఈ ఒప్పందాలు నడిపిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. రెసిడెంటు అంటే పేరుకి రాయబారి, పనికి మాత్రం పక్కనే కూర్చున్న యజమాని. 1803 ప్రాంతంలో ఆయన మూసీకి ఉత్తరాన, కోట గోడల బయట, కొత్త భవనం మొదలుపెట్టాడు. నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళంలోని శామ్యూల్ రసెల్. డబ్బు నిజాంది. అంటే తన మీద నిఘా పెట్టేవాడి ఇంటికి తనే బిల్లు కట్టాడన్నమాట.

ఈ స్థలం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కిర్క్‌పాట్రిక్ తనకి కావలసిన భూమిని పెద్ద కాగితం మీద వివరంగా గీయించి దర్బారులో పరిచాడట. నిజాం చూసి, కుదరదన్నాడట. తర్వాత దర్బారులోని ఒక పెద్దమనిషి అసలు చిక్కు విప్పి చెప్పాడట. ఆ కాగితం రాజ్యం పటమంత ఉంది, రాజ్యమే అడుగుతున్నావని ఆయన అనుకున్నాడు, అదే చిన్న అట్టముక్క మీద గీసి తీసుకురా అన్నాడట. అలాగే చేస్తే అనుమతి వచ్చేసింది. ఇది జరిగిందో, దొరలు నిజాంని వెక్కిరించడానికి అల్లుకున్నారో చెప్పలేం. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి మాత్రం ఇది నమ్మశక్యంగానే ఉంటుంది. నలభై పేజీల డాక్యుమెంటులో తిరస్కరించిన పనిని ఒక్క స్లైడులో పెడితే మేనేజర్లు ఒప్పేసుకోవడం మేం రోజూ చూస్తుంటాం. కానీ కథలో ఇంకో కోణం కూడా ఉంది. నిజాం మొదట భయపడింది సరైన విషయానికే. ఆ భూమితో పాటు రాజ్యం మీద పట్టు కూడా నిజంగానే చేతులు మారుతోంది.

ఇక ముందు గుమ్మం. అప్పటి హైదరాబాద్ నవాబుల ఇళ్ళు దేవిడీలు. దేవిడీ బయటికి దాదాపు ఏమీ చూపించదు. ఎత్తైన గోడ, ఒక పెద్ద దర్వాజా, అంతే. వైభవమంతా లోపలి ఆవరణల్లో, ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటుంది. నువ్వెంత లోపలికి వెళ్ళగలవన్నదే నీ హోదా. రెసిడెన్సీ దీనికి పూర్తిగా తిరగబడింది. ఉన్నదంతా ముందే పెట్టింది. వెడల్పాటి మెట్ల వరస, రెండు పక్కలా సింహాలు, ఆరు భారీ స్తంభాలు, పైన త్రికోణంలో కంపెనీ రాజముద్ర. లోపలికి రానివ్వకపోయినా పరవాలేదు, దూరం నుంచి చూసి ఎవరి కాలమో అర్థం చేసుకో అన్నట్టుంటుంది. దేవిడీ అధికారాన్ని దాచుకుంటే, పోర్టికో దాన్ని ఊరందరికీ చాటుతుంది.

తమాషా ఏంటంటే, దీన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్ ఇంట్లో హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు, ఉర్దూ పారసీల్లో మాట్లాడేవాడు. ఇక్కడి ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కోసం అదే ఆవరణలో రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. పరదాలో ఉండే ఆమె ముందువైపుకి వచ్చి ఆ స్తంభాల్ని చూసే వీలు లేదు కాబట్టి, ఆమె తోటలో భవనం నమూనా ఒకటి చిన్న సైజులో కట్టించాడని చెబుతారు. భర్త ఇంటి ముందు భాగం ఎలా ఉంటుందో భార్య బొమ్మలో చూసుకోవడం! వెల్లస్లీ లాంటివాళ్ళకి చూపించే ముఖం ఒకటి, మనిషి బతికే ఇల్లు ఇంకొకటి. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు, ఇల్లు ఎక్కువ కాలం అనుభవించలేదు. పిల్లలిద్దర్నీ అదే ఏడాది ఇంగ్లండు పంపేశారు. ఆ తర్వాతి దొరల కాలంలో రంగ్ మహల్‌ని కూల్చేశారు. స్తంభాలకి ఏమీ కాలేదు. ఏది కూల్చారు, ఏది ఉంచారు అన్నది కూడా చరిత్రే.

మూడో ప్రశ్న, బయట ఆగిపోయినవాళ్ళు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు, ఊరి జనం రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఆ దెబ్బతో రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు బలపడ్డాయి. యాభై ఏళ్ళ పాటు తనని చూడమని చెప్పిన భవనం, చూసేవాళ్ళంటే భయపడటం మొదలుపెట్టింది. దేవిడీలకి గోడలెందుకో దొరలకి అప్పుడర్థమై ఉంటుంది.

గోడ బయట కథ అంత సూటిగా లేదు. రెసిడెన్సీని ఆనుకుని పెరిగిన బజారులో నిజాం చట్టం కాదు, బ్రిటిష్ వాళ్ళ అధికారం నడిచేది. సాహుకార్లు, వ్యాపారులు అక్కడ చేరారు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది ఆ రెసిడెన్సీ బజారులోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. పాలన ఉర్దూలో నడిచే రాజ్యంలో తెలుగు గ్రంథాలయం పెట్టడానికి ఆ చోటు దొరకడం వట్టి కాకతాళీయం అనుకోను. ఒక పెత్తనం నీడలో ఇంకో పెత్తనం నుంచి కాస్త తెరిపి దొరికింది. దీన్ని బ్రిటిష్ వాళ్ళ ఉదారత ఖాతాలో వెయ్యక్కర్లేదు, వాళ్ళు ఆ సందు వదిలింది మన కోసం కాదు. 1933లో ఆ బజారు తిరిగి నిజాం చేతికి వచ్చింది. ఇప్పుడు మనం పుస్తకాలకీ బట్టలకీ వెళ్ళే సుల్తాన్ బజార్ అదే.

ఇక్కడ కాసేపు ఊరు దాటి పల్లెకి వెళ్ళాలి. ఎందుకంటే కోఠి ఆవరణకి ఇప్పుడున్న పేరు అక్కడి నుంచే వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో రెసిడెంటు ముందు నిజాం ఎలాగో, తెలంగాణ పల్లెల్లో దొర ముందు రైతు అలాగ. దొర ఉండేది గడీలో. ఎత్తైన ప్రహరీ, ఏనుగు పట్టే దర్వాజా, లోపల ఎత్తు మీద దొర కుర్చీ, కింద నేల మీద జనం. చెప్పులు విడిచి చేత పట్టుకుని గడీ ముందు నుంచి నడవాలి. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న మాట పుట్టడానికి తగ్గట్టుగానే ఆ ఎత్తుపల్లాలు ఉంటాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు తిరిగి, తన కౌలు పొలంలో పండిన పంటని తన ఇంటికే చేర్చుకున్న పాలకుర్తి ఐలమ్మ ఎదుర్కొన్నది ఒక మనిషినే కాదు, ఈ మొత్తం అమరికని. 1946 జులై 4న కడవెండిలో గడీ దగ్గరికి వచ్చిన ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. గడీ ముందు తలెత్తి నడవడమే అక్కడ నేరమైంది.

కోఠికి తిరిగొద్దాం. 1947లో రెసిడెంటు వెళ్ళిపోయాడు. 1949లో ఆ భవనంలోకి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. నా దృష్టిలో ఆ భవనం చరిత్రలో అసలైన తిరుగుబాటు ఇదే. స్తంభాలు కూలలేదు, సింహాలు అక్కడే ఉన్నాయి. కానీ ఖైరున్నిసా దాటని ముందు మెట్ల మీద ఆడపిల్లలు కూర్చుని టిఫిన్ బాక్సులు విప్పారు. దర్బారు కోసం కట్టిన ఇంట్లో పాఠాలు జరిగాయి, హాజరు పిలిచారు. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రాజముద్ర ఉన్న ఇంటికి చాకలి ఐలమ్మ పేరు!

పేరు చూసి మురిసిపోయి ఆగిపోతే మాత్రం లాభం లేదు. భవనం శిథిలమై, ప్రమాదకరంగా తయారై, తరగతుల్ని అందులోంచి వేరే గదులకి మార్చారు. తర్వాత వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మరమ్మతులు జరిగాయి. సంతోషమే. నా భయమల్లా బాగైన తర్వాతి సంగతి. ఇదే ఊళ్ళో ఫలక్‌నుమా ప్యాలెస్‌ని ఎంతో శ్రద్ధగా బాగుచేశారు, 2010 నుంచి అది స్టార్ హోటల్. ఇప్పుడక్కడ గుమ్మం దగ్గర ఎవరి వంశమూ అడగరు, రేటు చెబుతారు. వారసత్వ సంపద అన్న మాటతో జనం చేతుల్లో ఉన్న భవనం మళ్ళీ చూసి వెళ్ళే భవనంగా మారిపోవచ్చు. కోఠి స్తంభాలు మెరిసి, వాటి మధ్య అమ్మాయిలు లేకపోతే మనం కాపాడింది కంపెనీ వారి పోర్టికోని మాత్రమే.

ఇదంతా పాత భవనాల గొడవ కాదు. మేముండే అపార్ట్‌మెంట్లో రెండు లిఫ్టులున్నాయి. రెండూ ఒకే ఫ్లోర్లకి వెళ్తాయి. ఒకదాని మీద 'సర్వీస్' అని రాసి ఉంటుంది. పనిచేసే అక్కలు, డెలివరీ కుర్రాళ్ళు దాని కోసమే నిలబడాలి. ఆ బోర్డు ఎవరు పెట్టారని అసోసియేషన్ మీటింగులో అడిగితే, బిల్డర్ డిజైనే అలా వచ్చిందండీ అన్నారు. డిజైన్ అలా వచ్చిందన్న తర్వాత ఇక ఎవరూ బాధ్యులు కారు. గడీలో దొర తన నోటితో చెప్పాల్సింది ఇక్కడ ఒక స్టిక్కర్ చెప్పేస్తుంది.

కోఠి చెప్పే సంగతి ఏంటంటే, భవనాన్ని కట్టినవాడి ఉద్దేశమే దాని ఆఖరి మాట కానక్కర్లేదు. కూల్చకుండానే దాన్ని ఓడించొచ్చు. అయితే ఆ పని పేరు మార్చే జీవోతో పూర్తి కాదు, మెట్లెక్కే మనుషులతో పూర్తవుతుంది. బాగైన ఆ దర్బారు హాల్లో మళ్ళీ ఒక క్లాసు జరగాలి. వెనక బెంచీలో ఎవరో ఒకమ్మాయి, పాఠం విసుగొచ్చి, పైకప్పు నగిషీల వంక చూస్తూ ఆవులించాలి.