ఉండిపోవడానికి ఒక పాస్‌పోర్టు

1991 జనవరి. హాంకాంగ్, కౌలూన్‌లో ఇరుకైన ఫ్లాట్. భోజనాలయ్యాక బల్ల తుడిచి దరఖాస్తు ఫారం పరిచారు భార్యాభర్తలు. అతను సివిల్ ఇంజినీరు, ఆమె నర్సు. (ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో నడిచిన కథను ఒక ఇంట్లో కూర్చి చెబుతున్నాను. అందుకే పేర్లు లేవు.)

"వయసు?"

"ముప్ఫై నాలుగు."

"పూర్తి మార్కులు మీకే."

1997 జులై 1న నగరం చైనా చేతికి వెళ్తుందని 1984లోనే ఖాయమైంది. 1989 జూన్ 4న బీజింగ్‌లో సైన్యం నిరసనకారులను కాల్చి చంపాక జనానికి నిద్ర పట్టలేదు. 1990లో ఒక్క ఏడాదే 60 వేల మందికి పైగా కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలకు తరలిపోయారు. ఇంజినీర్లూ అకౌంటెంట్లూ పోతే నగరం నడిచేదెలా? 50 వేల మందికి, వాళ్ల భార్యాపిల్లలతో సహా, బ్రిటన్ పూర్తి పౌరసత్వం ఇస్తానంది. అందుకోసం లండన్ వెళ్లి కాపురం పెట్టనక్కర్లేదు. ఎప్పుడైనా వెళ్లొచ్చన్న ధైర్యం ఉంటే ఇక్కడే ఉంటారని దాని లెక్క.

వయసు, అనుభవం, చదువు, ఇంగ్లీషు, సమాజసేవ... అన్నిటికీ మార్కులే. వృత్తి ఉద్యోగాలకు 36,200, పోలీసు వంటి దళాలకు 7,000, రహస్య బాధ్యతల్లో ఉన్నవారికి 6,300, పెట్టుబడిదారులకు 500. అదీ ఎక్కువేనని అధికార పక్షంలోని నార్మన్ టెబిట్ లండన్‌లో తిరగబడ్డాడు. ఈ పౌరసత్వాన్ని గుర్తించబోమని బీజింగ్ తెగేసి చెప్పింది. బ్రిటన్‌లో ఉండే హక్కులేని బ్రిటిష్ జాతీయతతో హాంకాంగ్‌లో 30 లక్షల మందికి పైగా ఉన్నారు. వాళ్ల గోడు వినేదెవరు?

"మరి బావగారి సంగతో?" అందామె.

అతని అన్న బస్సు డ్రైవరు. తమ్ముణ్ని చదివించింది ఆయన జీతమే. ఫారంలో ఆ సంగతి రాయడానికి గడి లేదు.

"అన్నయ్య పని ఆ వృత్తుల జాబితాలో లేదు."

"ఆయనకు మాత్రం భయం లేదా?"

"భయమా! నాకంటే ఎక్కువే. కానీ నన్ను కెనడా రమ్మంటుంది, ఆయన్ని ఎవరు రమ్మంటారు? ఎలాగూ వెళ్లలేనివాణ్ని ఆపాల్సిన పనేముంది?"

ఈ పథకం అసలు అన్యాయం నాకు ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. భయపడ్డవాళ్లకు కాదు, పోగలిగినవాళ్లకే అది రక్షణ ఇచ్చింది.

ఆ డ్రైవరు లాంటివాళ్లు అప్పట్లో, బ్రిటన్‌లో ఉండే హక్కులేని బ్రిటిష్ నేషనల్ (ఓవర్సీస్) పాస్‌పోర్టు తీసుకుని ఉంటే, మార్కులతో పనిలేకుండా బ్రిటన్‌లో స్థిరపడే దారి 2021 జనవరి 31న తెరుచుకుంది. అదీ పౌరసత్వం కాదు, రుసుము కట్టి తీసుకోవాల్సిన వీసా.