చాంద్ తేదీ – సముద్రపు పోటు

చాంద్ తేదీ అంటే రంజాన్, బక్రీద్, మొహర్రం ఎప్పుడో తెలుసుకోవడానికే అని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. కాని కోనసీమ వంటి సముద్రపు ఒడ్డు సీమలో దానికి ఇంకొక ఉపయోగం కూడా ఉన్నది. ఆ తేదీ తెలిస్తే పోటు పెద్దదో చిన్నదో ఇంట్లో కూర్చునే చెప్పవచ్చును.

ఈ విషయం పిల్లలకు చెప్పేటప్పుడు మేము రెండు పేర్లు తప్పక చెబుతాము. మొదటివారు బల్ఖ్ నుంచి వచ్చి బాగ్దాదులో స్థిరపడిన అబూ మాషర్. 886లో కాలం చేశారు. ఆయన అసలు జ్యోతిష్కుడు, ఆ జాతకాల గొడవ మనకు అక్కరలేదు. కాని చంద్రుని నడకను బట్టి సముద్రం ఎలా ఎక్కి దిగుతుందో ఎంతో వివరంగా వ్రాశారు. ఆ గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్ భాషలోకి వెళ్లింది. యూరపు పండితులు చాలాకాలం దాన్ని చూసే పోటుపాట్ల సంగతి నేర్చుకున్నారు. రెండవవారు అల్ బిరూనీ (973–1048). హిందూదేశాన్ని గురించి వ్రాసిన గ్రంథంలో, సోమనాథ్ అంటే చంద్రుని ప్రభువు అనే పేరుకూ అక్కడి సముద్రపు పోటుకూ ఉన్న సంబంధాన్ని ఆయన చెప్పారు.

ఇద్దరూ చూసింది నిజమే, కారణం మాత్రం అప్పటికి తేలలేదు. గెలీలియో అంతటివాడు కూడా పోటుకు చంద్రునితో పనిలేదని 1632లో వాదించాడు! 1687లో న్యూటను ఆకర్షణ సిద్ధాంతంతో చిక్కు విడిపోయింది. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న నీటిని ఎక్కువగా, భూమి నడిబొడ్డును కొంచెం తక్కువగా, అవతలి వైపు నీటిని ఇంకా తక్కువగా లాగుతాడు. అందువల్ల రెండు ప్రక్కలా నీరు ఉబుకుతుంది. భూమి తిరుగుతూ ఆ రెండు ఉబుకుల క్రిందికి వస్తుంది గనుక మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈలోగా చంద్రుడు కూడా ముందుకు జరుగుతాడు కాబట్టి పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యుడూ లాగుతాడు గాని, ఆయన బలం చంద్రునిదాంట్లో సగానికి కొంచెం తక్కువే. అమావాస్యకు, పున్నమికి ఇద్దరి లాగుడూ ఒకే వరుసలో పడి పెద్ద పోటు వస్తుంది. నెలవంక కనబడే రోజులు అమావాస్యను అంటిపెట్టుకునే ఉంటాయి. కనుక ఈదుల్ ఫితర్ నాడు ఓడలరేవులో ఎప్పుడూ పెద్ద పోటే. చాంద్ 7, 8 తేదీల్లోను, మళ్లీ 22, 23 తేదీల్లోను చిన్న పోటు. మన మత్స్యకారులు తిథి చూసి చెప్పేదీ ఇదే లెక్క.

ఈ లెక్క మన ప్రాణాలకు సంబంధించినది. 1789 డిసెంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెన సరిగ్గా పోటు బాగా ఎక్కిన వేళ వచ్చిందని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయారు, అది చిన్న పోటు రోజుల్లోనే. 1996 నవంబరు 6న మన కోనసీమ తుఫాను దీపావళికి నాలుగు రోజుల ముందు, జమాదిస్సానీ చివరి వారంలో వచ్చింది. అప్పటికి పోటు ఇంకా పుంజుకోలేదు. అయినా వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. అదే గాలి అమావాస్య దాటిన మర్నాడు, పోటు వేళకు వచ్చి ఉంటే నీరు ఇంకా పైకి వచ్చేది.

తుఫాను లేని సంవత్సరంలో కూడా పోటు మనల్ని వదలదు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన పల్లపు చేల నీరు మురుగు కాల్వల ద్వారా సముద్రంలోకి పోవాలి. పోటు ఎక్కితే నీరు పోదు సరిగదా, ఉప్పునీరే ఎదురు తంతుంది. ముంపు బాధకు గిట్టుబాటు ధర లేకపోవడం కూడా తోడై 2011లో మన రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. కాల్వ పూడిక తీసి ఉంటే పాటు వేళ దొరికే ఆరు గంటల్లో చాలా నీరు దిగిపోతుంది. తూడు, గుర్రపుడెక్క అడ్డుపడితే ఆ ఆరు గంటలూ వృథా, ఈలోగా మళ్లీ పోటు మొదలు.