హూడియా: ఆకలిని అణచే మొక్క, ఆ తెలివి ఎవరి సొత్తు?

హూడియా గోర్డోనీ దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్‌వానా దేశాల ఎండు నేలల్లో పెరిగే ముళ్ల మొక్క. చూడటానికి కాక్టస్‌లా ఉంటుంది గానీ అది జిల్లేడు కుటుంబానికి చెందినది. కలహారి ఎడారి ప్రాంతపు మూలవాసులైన సాన్ ప్రజలు వేట కోసం రోజుల తరబడి తిరగాల్సి వచ్చినప్పుడు దీని పచ్చి కాండం ముక్క నమిలి ఆకలిదప్పులు ఓర్చుకునేవారు. తిండి దొరకని చోట పుట్టిన ఈ తెలివి, తిండి ఎక్కువైన వారికి బరువు తగ్గించే సరుకుగా మారింది. ఆ మార్పులో సాన్ ప్రజల హక్కు ఏమైందో ఇక్కడ వివరిస్తున్నాం.

పేటెంట్

దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1963లో, వర్ణవివక్ష పాలన కాలంలో, స్థానికులు తినే అడవి మొక్కలపై పరిశోధన మొదలుపెట్టింది. హూడియాలో ఆకలిని తగ్గించే పదార్థాన్ని వేరుచేసి 1995లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. ఆ పదార్థానికి పీ57 అని పేరు. 1997లో బ్రిటన్ కంపెనీ ఫైటోఫార్మ్‌కు, దాని ద్వారా 1998లో అమెరికా మందుల కంపెనీ ఫైజర్‌కు హక్కులు వెళ్లాయి. ఇంత జరుగుతున్నా సాన్ ప్రజలను ఎవరూ అడగలేదు, కనీసం చెప్పలేదు.

2001లో ఈ సంగతి బ్రిటన్ పత్రిక ది అబ్జర్వర్‌లో వచ్చింది. ఆ జనం అంతరించిపోయారనుకున్నామని ఫైటోఫార్మ్ అధిపతి సంజాయిషీ ఇచ్చుకున్నారు. అప్పటికి దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో దాదాపు లక్ష మంది సాన్ ప్రజలు బతికే ఉన్నారు. ఒక జనం లేరని అనుకుంటే వాళ్లను అడగాల్సిన పనే ఉండదు. ఈ మాట మనకు కొత్తది కాదు.

ఒప్పందం

సాన్ ప్రజలు సంఘటితమై, న్యాయవాది రోజర్ చెనెల్స్ సాయంతో సీఎస్ఐఆర్‌తో చర్చలకు దిగారు. 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది. సీఎస్ఐఆర్‌కు వచ్చే రాయల్టీలో 6 శాతం, పరిశోధన దశలు దాటినప్పుడల్లా వచ్చే చెల్లింపుల్లో 8 శాతం సాన్ ప్రజల ట్రస్టుకు చెందుతాయి. మూలవాసుల జ్ఞానానికి వాటా ఇవ్వాలని ఒప్పించిన తొలి ఒప్పందాల్లో ఇదొకటి. అయితే ఆ వాటా సీఎస్ఐఆర్ ఆదాయంలోనిదే, కంపెనీల అమ్మకాల్లోనిది కాదు. పేటెంట్ కూడా సీఎస్ఐఆర్ పేరునే ఉండిపోయింది.

మందు పనిచేసిందా?

ఫైజర్ 2003లో తప్పుకుంది. 2004లో వచ్చిన యూనిలీవర్, భద్రత, ఫలితం రెండింటిపైనా అనుమానాలతో 2008లో వదిలేసింది. 2011లో వెలువడిన పరీక్షలో అధిక బరువున్న 49 మంది మహిళలు 15 రోజులు పాల్గొన్నారు. హూడియా సారం తీసుకున్నవారు మిగతావారి కంటే తక్కువేమీ తినలేదు, బరువులోనూ తేడా రాలేదు. పైగా వికారం, వాంతులు, చర్మ స్పర్శలో తేడాలు కనిపించాయి, రక్తపోటు, నాడి వేగం పెరిగాయి. దీన్నిబట్టి సాన్ ప్రజల అనుభవం అబద్ధమనలేం. వేటలో నమిలిన పచ్చి కాండం వేరు, రోజూ మింగే గాఢమైన సారం వేరు.

ఈలోగా హూడియా పేరుతో మాత్రలు ఇంటర్నెట్‌లో కుప్పలుగా అమ్ముడయ్యాయి. వాటిలో చాలావాటిలో అసలు హూడియానే లేదు. అడవి మొక్కలను విచ్చలవిడిగా పీకకుండా 2004లో ఈ ప్రజాతిని సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు.

మన దగ్గర

హూడియాకు దగ్గరి చుట్టం మన రాళ్ల నేలల్లోనూ ఉంది. దాని శాస్త్రీయ నామం కారల్లుమా. కోరమాండల్ తీరంలో పనిచేసిన రాక్స్‌బర్గ్ రాసుకున్న తెలుగు పేరు నుంచే ఈ పేరు వచ్చిందంటారు. దాని సారం కూడా ఆకలి తగ్గించే మందుగా దేశదేశాల్లో అమ్ముడవుతోంది. బెంగళూరులో 60 రోజులు జరిపి 2007లో ప్రచురించిన చిన్న పరీక్షలో నడుము కొలత, ఆకలి తగ్గాయి గానీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మన జీవవైవిధ్య చట్టం (2002) జ్ఞానం ఇచ్చినవారికి లాభంలో వాటా ఉండాలంటుంది. 2023 సవరణ మాత్రం గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చింది. గ్రంథంలోకి ఎక్కకముందు ఆ తెలివి ఎవరి నోట ఉండేది? పశువులు కాసినవారు, అడవిలో తిరిగినవారు, మంత్రసానులు చెప్పినదెంత? ఆ ప్రశ్న వేసే దారి ఇప్పుడు ఇరుకైంది.

2017లో సాన్ ప్రజలు తమ దగ్గరకు వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాశారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతిగా అనుమతి తీసుకోవడం అందులోని అంశాలు. బస్తీల్లో, గూడేల్లో సమాచారం సేకరించే మా వంటి పరిశోధకులందరికీ అది వర్తిస్తుంది. అడగకుండా తీసుకున్నదానికి తర్వాత వాటా ఇవ్వడం పరిహారమే అవుతుంది. ముందే అడిగితే, కాదనే హక్కు కూడా వాళ్లకు ఉంటుంది.