పీర్ కౌన్సెలింగ్

వైకల్యంతో బతుకుతున్న ఒకరు, అదే స్థితిలో ఉన్న మరొకరికి తన అనుభవంతో తోడు నిలవడాన్ని పీర్ కౌన్సెలింగ్ అంటారు. తోటి సాయం అనీ అనవచ్చు. వికలాంగులు తమ జీవితాన్ని తామే నడుపుకోవాలనే స్వతంత్ర జీవన ఉద్యమానికి ఇది ప్రాణం.

ఆ ఉద్యమం అమెరికాలోని బర్కిలీలో ఊపందుకుంది. ఆ ఉద్యమ సారథుల్లో ఒకరైన ఎడ్ రాబర్ట్స్‌కు (1939–1995) పద్నాలుగో ఏట పోలియో సోకి మెడ కింది భాగమంతా చచ్చుబడింది. 1962లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, ఊపిరి ఆడించే ఐరన్ లంగ్ యంత్రాన్ని మోయగల హాస్టల్ గది దొరకక, క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రిలో ఆయనకు బస ఇచ్చారు. మరుసటి ఏడాది తీవ్ర వైకల్యం ఉన్న మరో విద్యార్థి జాన్ హెస్లర్, తర్వాత అలాంటివారే మరికొందరు అక్కడికే వచ్చారు. సహాయకులను ఎలా పెట్టుకోవాలి, వీల్‌చైర్ చెడిపోతే ఏం చేయాలి వంటివి వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఆ అనుభవంతోనే 1972లో బర్కిలీలో స్వతంత్ర జీవన కేంద్రం ఏర్పడింది. ఉద్యోగం చేయలేడంటూ ఒకప్పుడు రాబర్ట్స్‌కు సాయం నిరాకరించిన రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో ఆయన అధిపతి అయ్యారు.

పీర్ కౌన్సెలింగ్‌లో పెద్ద మాటలు తక్కువ, పనికొచ్చే సంగతులు ఎక్కువ. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుము కింద స్పర్శ తెలియకపోవచ్చు. కూర్చున్నచోట ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు. అందుకే మధ్యమధ్య చేతులు ఆనించి ఒళ్లు పైకి లేపాలి, రోజూ చేతి అద్దం పట్టుకుని చర్మం చూసుకోవాలి. ఈ మాట డాక్టరూ చెబుతారు. కానీ ఏళ్ల తరబడి అలా చేస్తున్న మనిషి ఎదుట కూర్చుని చేసి చూపిస్తే మనసుకు ఎక్కుతుంది. మూత్రం గొట్టంతో పెళ్లికి వెళ్లడం ఎలా, ఇంట్లోవాళ్లు అతిగా కాపాడుతుంటే నొప్పించకుండా ఏమని చెప్పాలి వంటి ప్రశ్నలు అడగడానికి ఇంతకంటే తగిన మనిషి దొరకరు. అయితే కౌన్సెలర్ తన దారే సరైనదని రుద్దకూడదు. తీవ్రమైన కుంగుబాటు కనిపిస్తే వైద్యుల దగ్గరికి పంపాలి.

అమెరికాలో పునరావాస చట్టానికి 1978లో చేసిన సవరణ స్వతంత్ర జీవన కేంద్రాలకు ప్రభుత్వ నిధులు తెచ్చింది. ఆ కేంద్రాల పాలకవర్గంలోనూ సిబ్బందిలోనూ వికలాంగులే ఎక్కువమంది ఉండాలన్నది అక్కడి నియమం. జపాన్‌లో 1986లో హచియోజిలో మొదలైన హ్యూమన్ కేర్ అసోసియేషన్ ఇదే బాట పట్టింది. 2006లో ఆమోదం పొందిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 26వ అధికరణంలో తోటివారి సాయాన్ని పేరుపెట్టి చెప్పింది. భారత్ 2007లో ఆ ఒడంబడికను ధ్రువీకరించింది.

తెలుగు నేలపై పీర్ కౌన్సెలింగ్‌కు దగ్గరగా ఉన్నవి గ్రామీణ పేదరిక నిర్మూలన కార్యక్రమాల కింద ఏర్పడిన వికలాంగుల పొదుపు సంఘాలు, మండల సమాఖ్యలు. పొదుపు కోసం కూడినవారికి వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరం ఎక్కడ, పింఛనుకు ఏ కాగితాలు కావాలి అన్నవి ఆ కూర్చున్నచోటే తెలిసేవి. గడప దాటని మనిషిని నలుగురిలోకి తీసుకురావడమే ఒక పెద్ద పని.

ప్రమాదంలో వెన్ను విరిగినవారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందే, అలాంటి జీవితం గడుపుతున్న ఒకరిని పరిచయం చేయడం మన ఆసుపత్రుల్లో చికిత్సలో భాగం కావాలి. ఆ పనికి వచ్చే వికలాంగులకు జీతం కూడా ఇవ్వాలి.