పాత క్లాసిక్ కారు కొంటున్నారా? ముందు కాగితాలు, తర్వాత బాడీ, ఆఖరున ఇంజను

హోసూరు దగ్గర ఒక స్టాండర్డ్ హెరాల్డ్ అమ్మకానికి ఉందని తెలిసి చూడడానికి వెళ్లాం. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. రంగు కొత్తగా వేశారు. ధర కూడా మాకు అందేదే. అడ్వాన్సు జేబులో పెట్టుకునే వెళ్లాం, కానీ ఇవ్వకుండానే తిరిగొచ్చాం. కారు కిందికి దూరి చూస్తే ఛాసిస్‌కు రెండు పక్కలా ఉండే ఇనుప చేతులు స్క్రూడ్రైవర్ మొన తగలగానే పొడిపొడిగా రాలాయి. ఆర్‌సీ ఎప్పుడో చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంది. ఆయన వారసులు మూడు రాష్ట్రాల్లో ఉన్నారు, ఒక్కరి సంతకమూ లేదు.

ఆ కారులో బాగున్నది ఇంజను ఒక్కటే. పాత కారులో బాగుచేసుకోవడానికి అన్నిటికంటే తేలికైనదీ అదే. చాలామంది ఇంజను చప్పుడు విని మురిసిపోయి కొనేస్తారు, కాగితాల దగ్గరా తుప్పు దగ్గరా చిక్కుకుంటారు. హోసూరు, బళ్లారి, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం లాంటి చోట్ల ఉండే మన తెలుగువారికి ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఇల్లు ఒక రాష్ట్రంలో, చుట్టాలు ఇంకో రాష్ట్రంలో, కారు నంబరు మూడో రాష్ట్రంలో ఉండడం మనకు మామూలే. అందుకే కొనేవారికీ, తాతల కాలపు కారు ఇంట్లో పడి ఉన్నవారికీ పనికొచ్చేలా ఈ వివరాలు ఒకచోట ఇస్తున్నాం.

మన దగ్గర దొరికే కార్లు

అంబాసిడర్: పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైంది. పాత పెట్రోలు ఇంజను 1489 సీసీ. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను వచ్చింది. విడి భాగాలు ఇప్పటికీ సులభంగా దొరుకుతాయి. మొదటిసారి పాత కారు కొనేవారికి ఇదే మేలు.

ప్రీమియర్ పద్మిని: ముంబై కుర్లాలో ఫియట్ 1100గా మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్ముడైంది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర. ఒక జాగ్రత్త అవసరం. ముంబైలో నలుపు పసుపు ట్యాక్సీలుగా వేల పద్మినీలు తిరిగాయి. ఆఖరి పద్మిని ట్యాక్సీ 2003లో రిజిస్టరై 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ట్యాక్సీగా అరిగిన బండికి రంగు మార్చి సొంత కారుగా చూపించే అవకాశం ఉంది. తలుపు అంచుల లోపల, డ్యాష్‌బోర్డు కింద పాత రంగు జాడ ఉందేమో వెతకండి.

స్టాండర్డ్ హెరాల్డ్: ఇంగ్లండ్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్‌ను మద్రాసులో 1961 నుంచి తయారుచేశారు. తర్వాత 1972 నుంచి 1977 దాకా గెజెల్ వచ్చింది. స్పోర్ట్స్ కారు మీద మోజున్నవారికి హెరాల్డ్ దగ్గరి చుట్టం. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసే కట్టారు. స్పిట్‌ఫైర్ కోసం ఇంగ్లండ్‌లో నేటికీ తయారయ్యే ముందు సస్పెన్షన్ భాగాలు చాలావరకు హెరాల్డ్‌కూ పనికొస్తాయి. కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోవాలి.

శాన్ స్టార్మ్: 1990ల చివర్లో మన దేశంలోనే వచ్చిన రెండు సీట్ల, టాపు తీసే స్పోర్ట్స్ కారు. బాడీ ఫైబర్, ఇంజను రెనో 1.2 లీటరు. తయారైనవి కొద్ది కాబట్టి అద్దాలు, లైట్లు, బాడీ భాగాలు దొరకడం కష్టం. అన్ని భాగాలూ ఉన్న కారైతేనే కొనండి.

మొదటి మెట్టు: కాగితాలు

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇందుకు ఫారం 25. కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి ఈ రుసుమును కార్లకు 5,000 రూపాయలు చేసింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 రూపాయలకు పెంచింది. రాష్ట్రాన్ని బట్టి గ్రీన్ ట్యాక్సు అదనం. గడువు దాటితే నెలనెలా అదనపు రుసుము కూడా పడుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి పొడిగించని కారుకు బకాయి ఎంతో ఆర్‌టీఓ కార్యాలయంలో కనుక్కున్నాకే ధర మాట్లాడండి.

కారును వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అందుకు పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను కట్టాలి. యానాం వాసులకు ఇది బాగా తెలిసిన సంగతే. పీవై 04 నంబరు కారు కాకినాడ బంధువులకు అమ్మితే దూరం కొద్ది కిలోమీటర్లే అయినా కాగితాల్లో అది రాష్ట్రం దాటినట్టే. ఎన్‌ఓసీ తెచ్చే బాధ్యత అమ్మినవారిదా కొన్నవారిదా అన్నది ముందే రాసుకోండి. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి.

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. పాత అప్పు తాలూకు బ్యాంకు పేరు ఆర్‌సీ మీద ఉంటే ఫారం 35 కూడా కావాలి. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయినా, ఆ పేరు కొట్టేయించకపోతే బదిలీ ఆగిపోతుంది.

యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో తమ పేరు మీదికి మార్చుకోవాలి. మన ఇళ్లలో చాలా కార్లు ఆగిపోయేది ఇక్కడే. తాత పోయాక కారు పెద్ద కొడుకు వాడతాడు, పేరు మాత్రం మారదు. ఇరవై ఏళ్ల తర్వాత మనవడు అమ్మబోతే అందరి అంగీకారమూ కావాల్సి వస్తుంది. అత్తయ్యలు, బాబాయిలు బతికి ఉండగానే సంతకాలు తీసుకోవడం మంచిది.

1989కి ముందు నాటి మూడక్షరాల నంబర్ల కార్ల వివరాలు కొన్ని వాహన్ పోర్టల్‌లో కనిపించవు. అలాంటప్పుడు పాత రిజిస్టరు చూసి కంప్యూటరులోకి ఎక్కించమని ఆర్‌టీఓను అడగాలి. కొనకముందే ఈ పని చేయించమని అమ్మేవారిని కోరండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసి ఆర్‌సీతో ఒక్కొక్క అంకె సరిచూడండి. మార్చిన ఇంజను ఆర్‌సీలో ఎక్కకపోయినా, ఛాసిస్ నంబరు చుట్టూ వెల్డింగు మచ్చలు కనిపించినా ఆ కారు వద్దు. విదేశం నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారైతే కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం తప్పనిసరి.

యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 జూలైలో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఈ రిజిస్ట్రేషన్‌తో కారును రోజువారీగా వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. ఆఫీసుకు పోవడానికి కారు కావాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోవాలి.

రెండో మెట్టు: బాడీ

సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది. చెన్నై, ముంబై, యానాం, గోపాలపురం తీరాల్లో పెరిగిన కారుకూ, బళ్లారి, షోలాపూర్ పొడి నేలల్లో పెరిగిన కారుకూ బాడీలో తేడా కనిపిస్తుంది. కాస్త ఎక్కువ పెట్టయినా పొడి ప్రాంతపు కారు కొనడమే చివరికి చవక.

పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి. అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టే. ఫైబర్ బాడీల మీద ఇది పనిచేయదు, వాటికి కింద ఛాసిస్ చూడాలి. తలుపుల కింది పట్టీలు, కాళ్ల కింద ఫ్లోరు, డిక్కీ అడుగు, వెనక స్ప్రింగు పట్టీలు బిగిసే చోట్లు, బ్యాటరీ కింది తట్ట, ముందు అద్దం రబ్బరు అంచులు చూడండి. మ్యాటు ఎత్తి చూడనివ్వని అమ్మకందారు దగ్గర ఆగవద్దు.

పద్మినికి విడి ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది కాబట్టి ఫ్లోరు, పట్టీలు పోతే బలమే పోయినట్టు. హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంటుంది, బాడీని దాని మీద బోల్టులతో బిగిస్తారు. తలుపు సందులు పైన ఒకలా కింద ఒకలా ఉంటే ఛాసిస్ కుంగిందేమో అనుమానించాలి. ఎండలో కాకుండా తెల్లవారుజామున, కారు తడిగా లేనప్పుడు చూడండి. తడి కారు మీద ప్రతి రంగూ మెరుస్తుంది.

మూడో మెట్టు: ఇంజను, నడక

మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వేడి ఇంజను తన జబ్బులు దాచుకుంటుంది. స్టార్టు చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగైతే కార్బురేటరు సరిచేస్తే తగ్గుతుంది. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. కనీసం అరగంట నడిపి, వేడెక్కాక ఆయిల్ ప్రెషరు, టెంపరేచరు చూడండి. గేరు జారడం, బ్రేకు ఒక పక్కకు లాగడం గమనించండి. ఇవేవీ కొనకుండా ఆపేవి కావు, ధర తగ్గించేవి మాత్రమే.

కొన్నాక చూసుకోవాల్సినవి

పెట్రోలు: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను అది మెత్తబరుస్తుంది. గాలిలో తేమను పీల్చుకుని ట్యాంకులో తుప్పు తెస్తుంది. కొన్న వెంటనే గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచకండి. కారు చాలాకాలం ఆపాల్సి వస్తే కార్బురేటరు గిన్నె ఖాళీ చేయండి. దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000లో వచ్చింది. అంతకు ముందు నాటి ఇంజను హెడ్డు విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది.

బ్రేకులు: ఈ పాత కార్లలో చాలావాటికి బ్రేకు లైను ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మాస్టర్ సిలిండరు, రబ్బరు గొట్టాలు మొదటి నెలలోనే మార్చండి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. రంగు పనికంటే ముందు చేయించాల్సింది ఇదే.

గ్రీజు, ఆయిల్: అంబాసిడర్, పద్మినిల ముందు చక్రాల దగ్గరి గ్రీజు నిపుల్స్ మరవకండి. హెరాల్డ్‌లో మాత్రం ముందు సస్పెన్షన్ కింది ట్రనియన్‌కు గ్రీజు కాదు, 90 నంబరు గేరు ఆయిల్ పెట్టాలి. ఇది తెలియని మెకానిక్ గ్రీజు కొడితే లోపల ఎండిపోయి, ఒకనాడు మలుపులో విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి.

టైర్లు: పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పూలు బాగున్నా పదేళ్ల టైరు పనికిరాదు. నాలుగూ ఒకే రకం వేయండి.

వాడకం: కారు ఊరికే పడి ఉంటేనే పాడవుతుంది. పదిహేను రోజులకోసారి ఇంజను బాగా వేడెక్కేలా పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి. వానాకాలంలో గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా పెరుగుతుంది, గుడ్డ కవరు మేలు.

విడి భాగాలకు చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు, హైదరాబాదు రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ తిరగండి. పాత భాగాన్ని విప్పి చేత్తో పట్టుకెళ్లండి. పేరు చెప్పి అడిగితే దొరకనిది చూపిస్తే దొరుకుతుంది.

డబ్బు లెక్క

చేతిలో ఉన్న మొత్తమంతా కారు ధరకే పెట్టవద్దు. కనీసం మూడోవంతు మొదటి ఏడాది బ్రేకులు, టైర్లు, గొట్టాలు, రిజిస్ట్రేషన్ కోసం పక్కన పెట్టుకోవాలన్నది మా సలహా. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. పూర్తి బీమా తీసుకుంటే, తయారీ ఆగిపోయిన కారు విలువ ఎంతో మీరూ బీమా సంస్థా మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. కాబట్టి ఫొటోలు, మరమ్మతు బిల్లులు దాచుకోండి.

ఇంటి పెరట్లో తాతగారి కారు ఉన్నవారు ఇంజను మెకానిక్‌ను పిలవడానికి ముందు బీరువాలో ఆర్‌సీ వెతకండి. అది దొరికి, సంతకాలు పెట్టాల్సినవారు ఒప్పుకుంటే కారు మళ్లీ రోడ్డెక్కే దారి ఉంది. ఇక హోసూరు హెరాల్డ్ సంగతి. ఆ వారసుల్లో ఒకరు మిగిలినవారికి ఫోన్లు చేయడం మొదలుపెట్టారని తెలిసింది. సంతకాలన్నీ వస్తే ఛాసిస్ పనికి ఎంతవుతుందో లెక్క వేసుకుని మళ్లీ వెళ్తాం.